ఉప్పు తక్కువైంది

రాణీగారి జుట్టు బరువెంతో
మా నాయనమ్మ ఎర్నమ్మకి తెలుసు.
రాజ్యం బరువెంతో
ఆ ఇద్దరిలో ఎవరికీ తెలీదు.

వాల్తేరు స్టేషన్లో
పరదా కట్టిన పెట్టెలోంచి దిగినప్పుడు
విరజాదేవికి పదమూడేళ్ళు.
ఒడియా తప్ప మాట రాదు.
పంజరంలో ఒక మైనాపిట్ట,
కొంగున అమ్మ రాసిచ్చిన కాగితం.
పెద్దవాళ్ళ ఎదుట ఎలా నిలబడాలో అందులో ఉంది.
ఎవరూ లేనప్పుడు ఎలా నిలబడాలో లేదు.

రాజావారు మద్రాసులో పందెపు గుర్రాలతో ఉండేవారట.
ఒకసారి గుర్రం తిరిగొచ్చింది,
ఆయన రాలేదు.
అలా ఆమె చేతికి తొంభై ఏడు ఊళ్ళొచ్చాయి.
ఒక్క ఊరికీ దారి తెలీదు.

దివాను సర్వేశ్వరంగారు శిస్తు చిట్టా విప్పి
"ఇక్కడ, అమ్మగారూ" అనేవాడు.
అక్కడ పెట్టేది సంతకం,
చెయ్యెత్తకుండా, ముగ్గు మెలిక తిప్పినట్టు.
ఆ మెలిక కింద ఎవరి మడి పోయిందో
ఎవరి దూడ పోయిందో
సిరాకేం తెలుసు.

"వానలు పడకపోతే వాళ్ళేం చేస్తారు?"
ఒక్కసారే అడిగింది.
"ఆలస్యం చేస్తారు" అన్నాడాయన.

చెడ్డది కాదే, అనేది నాయనమ్మ
నా జడ బిగించి అల్లుతూ.
తల్లో పేను దొరికితే చంపనిచ్చేది కాదు,
కిటికీలోంచి వదిలెయ్యమనేది.
కిటికీ కింద వెట్టివాళ్ళు రాళ్ళు మోసేవారు.
మరి వాళ్ళు కనబడలేదా అంటే
ఎండ కళ్ళలో పడుతుందని
తెర దించేదాన్ని నేనే కదే.

పెరట్లో సముద్రం వైపు
మంచమంత మడి చేయించుకుంది.
పట్టుచీర ఎగ్గట్టి నాట్లేసేది.
ఉప్పుగాలికి మాడిపోయేది నారు.
రాత్రికి రాత్రి తోటమాలి గవరయ్య
భీమిలి నుంచి పచ్చటి మొక్కలు తెచ్చి
అదే చోట గుచ్చేవాడు.
పంటంటే అదే అనుకుంది
పాపం, పన్నెండేళ్ళు.

రేవు మీద బాంబులు పడ్డ ఏడు
ఊరంతా బళ్ళు కట్టుకుని పారిపోతుంటే
మేడ మీంచి చూసి అడిగిందట,
"ఇవాళ ఎక్కడ తీర్థం?"

ఆ తర్వాత శిస్తు కట్టమని ఒక ఊరంది.
తర్వాత ఏడు ఊళ్ళు.
తర్వాత దివాను లెక్కపెట్టడం మానేశాడు.

మాఘం. యారాడ కొండ మీద మంచింకా విడవలేదు.
పెదవాల్తేరు ఎగువ ఎక్కి వచ్చారు,
ఎర్ర గుడ్డలు కొన్ని, ఖాళీ కుండలు ఎక్కువ.
ముందు నడిచిన బంగారి
ముంత చాపింది:
"మేం తాగిందే నువ్వూ తాగి సూడు."

తలుపులెయ్యండి, అని దివాను కేక.
ఎవరూ నేర్పని పని ఒకటి చేసింది విరజాదేవి.
చెప్పుల్లేకుండా మెట్లు దిగింది.
రెండు చేతులా పట్టుకుని
చోడి అంబలి సగం తాగి, ఆగి,
అరకొర తెలుగులో అంది:
"ఉప్పు తక్కువైంది."

నవ్వెక్కడ మొదలైందో,
మొదటి రాయి ఎక్కడిదో.
సాయంత్రానికి ఆ మాట తొంభై ఏడు ఊళ్ళూ తిరిగింది.
గోడల మీద బొగ్గుతో రాశారు.
మన ఆకలికి ఉప్పు తక్కువైందట, చూశారా!

ఆ రాత్రి రైలెక్కేటప్పుడు
పాపిడి వంకరగా ఉందట.
తనే దువ్వుకుంది.

చనిపోయే ముందు నాయనమ్మ చెప్పింది:
ఆ మాటలో వెటకారం లేదే.
నావైపు తిరిగి చెయ్యి చాపింది,
ఉప్పు తెమ్మని.
నాకు అర్థమైంది.
నేను కదల్లేదు.
ముంత పట్టుకున్న బంగారి
మా పెద్దమ్మ కూతురు.

ఇప్పుడు బీచ్ రోడ్డులో
చోడి అంబలి గ్లాసు ముప్ఫై రూపాయలు.
"ఉప్పెయ్యాలా అక్కా?" అంటాడు కుర్రాడు.
నేను సముద్రం వైపు చూస్తాను.
వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటారు.